ఆవిడ వచ్చిందా, వచ్చారా?

తెలుగులో "నేను" అన్నంతసేపూ ఏ గొడవా లేదు. "నువ్వు" అన్నా, "మీరు" అన్నా అంతే. ఎదుటి మనిషి ఆడో మగో మన వ్యాకరణం అడగదు. తంటా అంతా మూడో మనిషితోనే. నలుగురు చేరి చెప్పుకునే కబుర్లలో మూడొంతులు ఆ మూడో మనిషి గురించే కనక ఈ తంటా ఒక్క పండితులది కాదు, మనందరిదీ. ఫలానా ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరిందట, ఫలానా ఆవిడ ఇల్లు అమ్మేసిందట - కాదు, అమ్మేశారట - అనేటప్పుడు మనకు తెలియకుండానే ఒక తీర్పు చెప్పేస్తూంటాము. ఎవరిని ఏ మెట్టు మీద కూర్చోబెట్టాలో నాలుకకు ముందే తెలుసు. ఆలోచన తర్వాత వస్తుంది, ఒకవేళ వస్తే.

కథలు, నవలలు చదివేటప్పుడు మన విమర్శకులు ఇతివృత్తం చూస్తారు, పాత్రపోషణ చూస్తారు, శైలి చూస్తారు. సర్వనామాల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అవి గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లాంటివి. దాటుకుని లోపలికి వెళ్ళిపోతాము. నా మటుకు నాకు ఆ గుమ్మం దగ్గరే కాసేపు నిలబడాలని ఉంది. ఎవరి చెప్పులు అరుగు మీద ఉన్నాయో, ఎవరివి వీధిలో ఉన్నాయో చూస్తే ఆ ఇంటి సంగతి సగం తెలిసిపోతుంది.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు, కబుర్లలోంచి వచ్చింది. ఉప్పల్, నాచారం ప్రాంతంలో మా జవహర్‌నగర్‌లో ఆదివారం పొద్దున నలుగురం ఒకచోట చేరతాము. ఒకరు గుంటూరు జిల్లా నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డ లెక్కల మాస్టారు. ఒకరు వరంగల్ వైపు నుంచి వచ్చి నాచారం పారిశ్రామికవాడలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి రిటైరైన ఫోర్‌మన్‌గారు. ఒకరు అనంతపురం నుంచి వచ్చిన తెలుగు టీచరమ్మగారు. నాలుగో ప్రాణిని నేను. టీ, పేపరు, ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్కు, ఎవరింట్లో ఎవరికి జ్వరం - ఇదీ మా కార్యక్రమం.

ఒక ఆదివారం ఫోర్‌మన్‌గారు ఆలస్యంగా వచ్చారు. "పాలాయన లేటుగ వచ్చిండు, అందుకే" అన్నారు కూర్చుంటూ.

"మా పాలవాడూ అంతేనండీ, ఏడు దాటితే గాని రాడు" అన్నారు మాస్టారు.

టీచరమ్మగారు పేపరు దించి, "పాలు ఒకటే. పోసే మనిషే ఒకచోట ఆయన, ఒకచోట వాడు" అన్నారు.

అంతే, ఆనాటి కబుర్లన్నీ వెనకబడ్డాయి. మాస్టారు ఊరుకోలేదు. "ఆయన" అన్నాక "వచ్చారు" అనాలిగాని "వచ్చిండు" ఏమిటి, తలకు పాగా చుట్టి ఒంటికి చొక్కా మరిచిపోయినట్టు, అన్నారు. ఫోర్‌మన్‌గారు నెమ్మది మనిషి. "మా దిక్కు నాయినను గూడ నాయిన వచ్చిండు అనే అంటం సార్. గౌరవం 'ఆయన'ల ఉన్నది, 'ఇండు'ల లేదు. మీరు డాక్టరుకు 'వచ్చారు' పెడ్తరు, పాలు పోసెటాయనకు 'వాడు' పెడ్తరు. మేము పాలాయన, ఆటోఆయన, కూరగాయలామె అంటం. ఎవరిది మర్యాద, మీరే చెప్పుండ్రి" అన్నారు. టీచరమ్మగారు మధ్యవర్తిత్వం చేశారు. "మా సీమలో ఆయప్ప వచ్చినాడు, ఆయమ్మ వచ్చింది అంటాం. అప్పలోనూ అమ్మలోనూ చుట్టరికమే ఉంది. చుట్టరికం ఉన్నచోట మర్యాద వేరే కొనుక్కురావాలా?"

ఈ తగవులో నా ఓటు ఫోర్‌మన్‌గారికే. కోస్తా మాటల్లో "వాడు" వృత్తికి అతుక్కుపోయింది చూడండి: పాలవాడు, రిక్షావాడు, కూరలవాడు. డాక్టరువాడు, కలెక్టరువాడు అని ఎవరైనా అన్నారా? పాలు పోసే మనిషికి అరవై ఏళ్ళుండొచ్చు, పోయించుకునే మనిషికి పాతికే ఉండొచ్చు. అయినా ఆ పెద్దాయన వాడే, ఈ కుర్రవాడు "బాబుగారే". ఇక్కడ "వాడు" అన్నది ఆడా మగా చెప్పే మాట కాదు. రాబడి ఎంతో చెప్పే బోర్డు. ఏ ప్రాంతపు తెలుగు మర్యాదగలదో తేల్చుకోవాలంటే క్రియ చివర చూడకూడదు. ఆ మర్యాద ఎవరి దాకా వెళ్ళి ఎవరి దగ్గర ఆగిపోతోందో చూడాలి.

ఇంతవరకూ మగవాళ్ళ సంగతే అయింది. మగవాళ్ళకు మెట్లున్నాయి: వాడు వచ్చాడు, అతను వచ్చాడు, ఆయన వచ్చారు. ఆడవాళ్ళకు పేరుకు మెట్లున్నా కాలు పెట్టబోతే అన్నీ ఒకటే ఎత్తు: అది వచ్చింది, ఆమె వచ్చింది, ఆవిడ వచ్చింది. పక్కనే ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. ఇంగ్లీషు చదువుకునే పిల్లలకు మనం హీ అంటే అతడు, షీ అంటే ఆమె, ఇట్ అంటే అది అని చెప్పి చేతులు దులుపుకుంటాము. క్రియ దగ్గరకు వచ్చేసరికి షీ, ఇట్ రెండూ ఒకే గొడుగు కింద నిలబడి ఉంటాయి. పిల్లలు అడగరు గాని, అడిగితే జవాబు చెప్పడం కష్టం.

పరవస్తు చిన్నయసూరి 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో ఈ వ్యవహారాన్ని మహత్తు, మహతి, అమహత్తు అని పేర్లు పెట్టి సర్దారు. మగవాళ్ళను చెప్పే మాటలు మహత్తులు. పశుపక్ష్యాదులు, ప్రాణం లేనివి అమహత్తులు. ఆడవాళ్ళను చెప్పే మాటలు మహతులు. ఈ మహతి ఏకవచనంలో అమహత్తు పక్కన, బహువచనంలో మహత్తు పక్కన నడుస్తుంది. టీచరమ్మగారు దీన్ని తమ క్లాసులో చెప్పే పద్ధతి వేరు: "ఒక్కతే వస్తే గేదెతో పాటు 'వచ్చింది'. ఇద్దరు కలిసి వస్తే మనుషులతో పాటు 'వచ్చారు'. అంచేత అమ్మాయిలూ, ఎక్కడికెళ్ళినా ఇద్దరిద్దరుగా వెళ్ళండి." మహతి అంటే గొప్పది అని అర్థం. ఆ గొప్పతనం జంటగా ఉన్నప్పుడే చెల్లుతుందన్నమాట.

మన పొరుగువాళ్ళు ఈ విషయంలో వేరే దారి పట్టారు. తమిళంలో అవన్, అవళ్, అదు. కన్నడంలో అవను, అవళు, అదు. ఆడమనిషికి వాళ్ళ ఏకవచనంలో సొంత మాట ఉంది, దానికి సొంత క్రియ కూడా ఉంది. ఆదిలాబాదు అడవుల్లో వినిపించే గోండీ మనకంటే ఒక అడుగు వెనక నిలిచింది. అక్కడ పదిమంది ఆడవాళ్ళు కలిసి వచ్చినా మగవాళ్ళ లెక్కలోకి రారు. అంటే తెలుగు మధ్యదారి పట్టిన భాష. సగం గడప దాటింది, సగం దాటలేదు.

అయితే ఇది అవమానమా? ఇక్కడ మా నలుగురిలోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. అవమానమేనన్నారు టీచరమ్మగారు. "వ్యాకరణానికి మానం, అవమానం ఉండవండీ, అది లెక్క" అన్నారు మాస్టారు. నాకు తోచింది చెబుతాను. "అమ్మ వచ్చింది" అన్న మాటలో చిన్నచూపు వెతికితే దొరకదు. అంతకంటే చల్లని మాట తెలుగులో లేదు కూడా. ఆ "ది" ఎన్ని వందల ఏళ్ళ నాటిదో. దాన్ని ఎవరూ మీటింగు పెట్టి తీర్మానించలేదు. అక్కడ తగవు పెట్టుకుంటే గాలితో పోట్లాడినట్టే. తగవు పెట్టుకోవలసిన చోటు పక్కనే ఉంది. అదే ఇంట్లో, అదే నోటితో, "నాన్నగారు వచ్చారు" అంటాము. అమ్మ వచ్చింది, నాన్నగారు వచ్చారు. అమ్మను నువ్వంటాము, నాన్నను మీరంటాము. చిన్నయసూరి మనల్ని అలా అనమని ఎక్కడా చెప్పలేదు. "రు" అనే ఆ అక్షరం తాళంచెవి మన మొలలోనే ఉంది. ఎవరికి తీసి పెట్టాలో మనమే నిర్ణయిస్తున్నాము. లింగం వ్యాకరణం ఇచ్చింది. మెట్టు మనం ఇచ్చాము.

ఇంకో తేడా ఉంది, అది ఇంకా సూక్ష్మం. "వాడు" అన్న మాటను తిట్టుగా వాడొచ్చు, ముద్దుగా వాడొచ్చు. "మావాడు" అంటే కొడుకు, "మనవాడు" అంటే నమ్మకస్తుడు. చివరికి దేవుణ్ణి కూడా "పైవాడున్నాడు, వాడే చూసుకుంటాడు" అంటాము. అంటే "వాడు" పాతాళం నుంచి వైకుంఠం దాకా ఎక్కగలదు. "అది"కి ముద్దు ఉంది. "మా చిన్నది, అది ఇంకా లేవలేదు" అని కూతుర్ని, చెల్లెల్ని అంటాము. కాని ఆ ముద్దు ఇంటి గడప దాటదు. పరాయి ఆడమనిషిని "అది" అంటే తిట్టే. గుడికెళ్తే అసలే పనికిరాదు. "ఆ తల్లే చూసుకుంటుంది" అంటాము, "అదే చూసుకుంటుంది" అని అమ్మవారిని అనగలమా? ఆషాఢం వస్తే ఈ నగరమంతా బోనాలెత్తి అమ్మా అని పిలుస్తుందిగాని సర్వనామం జోలికి పోదు. దేవుడికి పనికొచ్చిన చనువు దేవతకు పనికిరాలేదు.

ఇప్పుడు నవలల గుమ్మం దగ్గరికి వద్దాము. మన వారపత్రికల సీరియళ్ళలో కథానాయకుడు "అతను", కథానాయిక "ఆమె". నిజానికి ఈ జంట నోటి మాటలో అంతగా కనబడదు. కోస్తాలో ఇరవయ్యేళ్ళ అమ్మాయిని ఎవరూ ఊరికే "ఆమె" అనరు. "ఆ అమ్మాయి" అంటారు. మాటలు పాతవే అయినా వాటిని జంట ఎద్దుల్లా కట్టి వాక్యం మీద వాక్యం దున్నించింది మాత్రం నవలే. ఇంగ్లీషు నవలలో హీ, షీ చేసే చాకిరీ తెలుగులో వీటి నెత్తిన పడింది. పడితే పడింది, అలవాటైపోయింది. నాకు అభ్యంతరం అక్కడ కాదు.

కథానాయకుడి తండ్రి రంగం మీదకు రాగానే "ఆయన అన్నారు". తల్లి వస్తే "ఆవిడ అన్నది". ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే సంబంధం గురించి మాట్లాడుతూంటారు. ఆయన అంటారు, ఆవిడ అంటుంది. దుర్మార్గుడు ప్రవేశిస్తే "వాడు" - వాడు ఇంకా ఏ దుర్మార్గమూ చేయకముందే! రచయిత కథ బయటపెట్టేశాడని మనం గ్రహించం. ఇక పనిమనిషి వస్తే "అది". అది కాఫీ తెచ్చి పెట్టింది, అది చీపురు పట్టుకుని నిలబడింది. కథలో ఆ మనిషిని యజమానురాలు "అది" అంటే సరే, అది యజమానురాలి స్వభావం. పాత్రచిత్రణ కిందకు వస్తుంది. కాని రచయిత తన సొంత గొంతుతో చెప్పే వాక్యంలో "అది" వస్తే అది ఎవరి స్వభావం? పేదల మీద జాలితో వ్రాసిన కథల్లోనే ఈ "అది", ఈ "వాడు" ఎక్కువగా కనబడడం ఇంకా విడ్డూరం. కన్నీళ్ళు పెట్టుకుంటూనే మనిషిని నేల మీద కూర్చోబెట్టడమన్నమాట.

నాటకం వ్రాసేవాళ్ళకు ఈ ప్రమాదం లేదు. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణిని ఎవరేమన్నా ఆ మాట అన్న మనిషి మీదకే పోతుంది. రచయిత తెర వెనక ఉండి తన సర్వనామం తన దగ్గరే ఉంచుకున్నారు. ఉత్తమపురుషలో వ్రాసేవాళ్ళకూ కొంత వెసులుబాటు ఉంది. హిందీలో ఆడమనిషి "మై ఆయీ" అనాలి, మగమనిషి "మై ఆయా" అనాలి. మొదటి క్రియలోనే గుట్టు బయటపడుతుంది. తెలుగులో "వచ్చాను" అంటే చాలు. చలం 1927లో మైదానం నవలను రాజేశ్వరి నోట చెప్పించినప్పుడు మన క్రియలు ఆయనకు ఎక్కడా అడ్డు రాలేదు. అంతదాకా ఎందుకు, ఈ వ్యాసం ఇంతవరకు చదివారు కదా, ఇది వ్రాస్తున్నది ఆయనో ఆవిడో నా వాక్యాల్ని బట్టి చెప్పగలరా?

కలంపేర్ల సంగతి ఇంకా తమాషా. బీనాదేవి అన్న పేరు చూసి ఒక ఆవిడ అనుకున్న పాఠకులు ఎందరో. ఆ పేరు వెనక భార్యాభర్తలిద్దరు ఉన్నారు, భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ. "బీనాదేవి వ్రాసింది" అంటే తప్పు, "వ్రాశాడు" అంటే అంతకంటే తప్పు. "వ్రాశారు" ఒక్కటే నిజం. అక్కడ "రు" మర్యాద కోసం రాలేదు, ఇద్దరున్నారు గనక వచ్చింది.

వార్తాపత్రిక తిరగేస్తే ఒక్కో పేజీకి ఒక్కో వ్యాకరణం. మొదటి పేజీలో మంత్రి ఆడైనా మగైనా "చెప్పారు". 2007లో ప్రతిభా పాటిల్ రాష్ట్రపతి అయినప్పుడు "పతి" అన్న మాట ఆడవాళ్ళకు పొసుగుతుందా అని దేశంలో చర్చ నడిచింది. తెలుగు వాక్యానికి ఆ బాధ లేదు. "రాష్ట్రపతి ప్రసంగించారు" అంటే సరిపోయింది. నేరాల పేజీకి వస్తే "అతడు పరారయ్యాడు". నేరం రుజువు కాకముందే "రు" ఊడిపోతుంది. ఆటల పేజీలో ఇంకో లోకం. 2016లో రియోలో వెండి పతకం తెచ్చినప్పుడు సింధు "గెలిచింది". మా ఉప్పల్ స్టేడియంలో శతకం చేసిన ఆటగాడు "కొట్టాడు". ఎంత పెద్ద విజయమైనా అక్కడ "రు" లేదు, ఆడా మగా ఇద్దరికీ లేదు. ఎందుకంటే వాళ్ళు మన ఇంటి పిల్లలు! నన్నడిగితే తెలుగు పత్రికలో ఆడా మగా సమానంగా కూర్చున్న పేజీ ఆ ఆటల పేజీయే.

సినిమావాళ్ళు మనకంటే ముందే ఈ మెట్లను వ్యాపారానికి వాడుకున్నారు. ఇ.వి.వి. సత్యనారాయణ ఒక్కరే ఆమె (1994), ఆయనకి ఇద్దరు (1995), ఆవిడా మా ఆవిడే (1998) తీశారు. 2005లో త్రివిక్రమ్ అతడు తీశారు. పేరులోనే సగం కథ. "ఆవిడ" అంటే గౌరవం, ముందు "మా" చేరిస్తే భార్య. "ఆయన"కు "మా" చేరిస్తే భర్త. పేరు పెట్టి పిలవకుండా కాపురాలు సాగించడానికి మనవాళ్ళు సర్వనామాల్నే చుట్టరికాలుగా మార్చేశారు.

ఆ పేరు పెట్టకపోవడం ఎక్కడికి దారి తీస్తుందో చూడాలంటే పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ చదవాలి. ఒక గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. అడుగుదామంటే చుట్టూ అందరూ ఆమెను ఏదో ఒక వరసతో పిలిచేవాళ్ళే, పేరు మాత్రం ఎవరి నోటా రాదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు ఎదురుపడి పేరు పెట్టి పిలిచాక గాని ఆమెకు తనెవరో గుర్తు రాదు. పైకి నవ్వించే కథ, చదివాక నవ్వనివ్వదు. ఆవిడ, అమ్మ, మేడమ్ అన్న మాటల్లో ఏ ఒక్కటీ అగౌరవం కాదు. గౌరవం సరిపోదని ఆ కథ చెబుతుంది.

అదే సత్యవతిగారు తర్వాత రేవతి జీవితకథను తెలుగు చేశారు. తమిళనాడుకు చెందిన రేవతి మగపిల్లవాడిగా పుట్టి ఆడమనిషిగా బతకడానికి పడిన పాట్లు అందులో ఉన్నాయి. ఆ పుస్తకం 2010లో ఇంగ్లీషులో వచ్చింది. "ఒక హిజ్రా ఆత్మకథ" పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో ప్రచురించింది. 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం ఆ అనువాదానికే దక్కింది. ఆత్మకథ గనక ఆ కథ చెప్పే గొంతు "నేను". మన "నేను"కు ఆడా మగా లేదు. రేవతి ఎవరో రేవతే చెప్పుకునే హక్కు తెలుగు వాక్యం ఏ పేచీ లేకుండా ఇచ్చేస్తుంది. ఆ హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పుగా చెప్పింది. తన లింగం ఏమిటో చెప్పవలసింది ఆ మనిషేనని. "నేను" దగ్గర మన భాష కోర్టు కంటే ముందే ఉంది. "అతడు, ఆమె" దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ ఇతరుల చేతిలో పడుతుంది.

2024 డిసెంబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగంలో ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. ఆ వార్త చదువుతూ మాస్టారు, "పదిమంది గురించి వ్రాసినంతసేపూ 'వారు' అని సరిపెట్టొచ్చు. ఒక్కరి గురించి వ్రాయాలంటే ఏమంటారు?" అన్నారు.

ఫోర్‌మన్‌గారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అన్న కొడుకు బొంబాయికి పోయి ఆరేండ్లయింది. మొన్న బతుకమ్మకు వచ్చిండు" అని ఆగారు. "వచ్చిండు గాదు. చీర కట్టుకొని వచ్చింది." ఆ ఇంటి కబురు ఆయన మాతో చెప్పడం అదే మొదటిసారి.

మాస్టారు సాయం చేద్దామనుకున్నారు. "వారు అనండి. ఏ చిక్కూ ఉండదు."

"నా చేతుల మీద పెరిగిన పిల్లను వారు అంటనా సార్? ఏమన్న కలెక్టరా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి చోట ఒక్కరికి కూడా "దే" వాడుతున్నారు. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019లో ఆ మాటనే ఆ ఏటి మేటి మాటగా ఎంచింది. స్వీడన్‌లో "హెన్" అనే మాట 2015లో అకాడెమీ నిఘంటువుకెక్కింది. ఫిన్నిష్ భాషకు, మన దేశంలో బెంగాలీకి ఈ తేడా మొదటినుంచీ లేదు. మనకు "వారు" సిద్ధంగా ఉంది, ఆడా మగా లేదు, ఒక్కరికీ చెల్లుతుంది. కాని "వారు"లో దూరం ఉంది. దూరం అక్కర్లేని చోట, దగ్గరకు తీసుకోవలసిన చోట, అది కుర్చీ వేసి గుమ్మం బయటే కూర్చోబెట్టినట్టుంటుంది. మర్యాదతో తప్పించుకోవడం కూడా తప్పించుకోవడమే.

"ఆ పిల్లను ఇంట్లో ఏమని పిలుస్తున్నారు?" అని టీచరమ్మగారు అడిగారు.

"పెద్దోళ్ళకు నోరు తిరుగుతలేదు. మా చిన్న మనుమరాలు ఉన్నది చూడుండ్రి, అది పోయి అత్తా అని చెయ్యి పట్టుకున్నది. ఇగ అందరం అదే పట్టుకున్నం." ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "మా పిల్ల వచ్చింది. బతుకమ్మ ఆడింది. మల్ల సంక్రాంతికి వస్తనన్నది."

ఆవుతో, బస్సుతో కలిపి కట్టేశారని మేము అంతసేపూ తిట్టిపోసిన "వచ్చింది"యే ఆ మాట. ఆ ఇంట్లో దాన్ని పలకడానికి పెద్దవాళ్ళకు ఎంత కష్టమైందో, పలికాక ఎంత తేలికైందో ఆయన ముఖం చూస్తే తెలిసింది. సర్వనామం ఎటూ తేలనప్పుడు తెలుగువాళ్ళకు వరస దారి చూపిస్తుందని కూడా ఆ పసిపిల్ల వల్లే తెలిసింది. అత్త, అక్క, పిన్ని అని నోరారా పిలిచాక "ఆమె"నా, "అది"నా అన్న ప్రశ్న వెనక్కి వెళ్తుంది. టీచరమ్మగారు "సీమలో ఆయమ్మ" అని ముందే చెప్పింది ఇదేనేమో.

అంచేత వ్యాకరణాన్ని మార్చాలని నేననను. ఆమెకు కొత్త క్రియ కనిపెట్టాలనీ అనను. కనిపెట్టినా ఎవరూ పలకరు. నా మనవి కథలు వ్రాసేవాళ్ళకు, వాటిని తూచేవాళ్ళకు. పాత్రలు ఒకరినొకరు ఏమైనా అనుకోనీయండి, లోకం అలాగే ఉంది గనక. రచయిత తన గొంతుతో మాట్లాడేటప్పుడు మాత్రం తండ్రికిచ్చిన "రు" తల్లికీ ఇవ్వాలి, లేకపోతే ఇద్దరికీ తీసెయ్యాలి. ఆటల పేజీవాళ్ళు చేసినట్టు. పాలు పోసే ఆయనకు "వాడు" పెట్టదలచుకుంటే పోయించుకునే ఆయనకూ పెట్టాలి. ఎవరైనా తమను ఫలానాగా చెప్పుకుంటే ఆ మాటే వాడాలి. అందులో మన పాండిత్యం ఒలకబోసుకునేది ఏమీ లేదు.

పాఠకులకు ఒక చిన్న పని. ఈసారి సీరియల్ చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. పనిమనిషి వచ్చినచోట "అది" కొట్టేసి "ఆవిడ" అని వ్రాసి, కిందనున్న వాక్యాలు మళ్ళీ చదవండి. కథ ఏమీ మారకపోతే ఆ "అది" అక్కడ అక్కర్లేదన్నమాట. కథ కుంటుతోందంటే, ఆ కథ ఇన్నాళ్ళూ ఎవరి భుజాల మీద నిలబడి నడిచిందో మీకే తెలుస్తుంది.